కృష్ణ వెంట మూడు రోజులు

వేసవి సెలవులు దగ్గర పడుతున్నవి. వి.బి.ఎస్. ముగిసిన మరునాడే పిల్లలను ఏటి ఒడ్డుకు తీసికొని వెళ్ళే అలవాటు మన పాత కృష్ణా, గుంటూరు జిల్లాల సంఘములలో ఎప్పటినుండో ఉన్నది. ఒక డేక్సాడు పులిహోర, గంపెడు మామిడిపండ్లు, ట్రాక్టరు నిండా పిల్లలు, వారి మధ్య గొంతు పోయేట్టు అరిచే సండేస్కూలు టీచరు. ఇది చూడనివారు మన పాఠకులలో తక్కువమందే ఉంటారు. అక్కడికి వెళ్ళిన తరువాత పిల్లలు నీళ్ళలో దిగకుండా ఉండరు. దిగవద్దని చెప్పినా వినరు. అసలు దిగనే వద్దని మేమూ చెప్పము. నది పక్కన పుట్టి, ఎండాకాలంలో ఒక్కసారైనా నదిలో మునగకుండా పెరగడం లోటే గదా.

ఏ నెలలో నదికి భయపడాలి అని మన పల్లెలలో ఎవరిని అడిగినా “వరదలప్పుడు” అంటారు. అది సగమే నిజం. ఎర్రని నీరు, కొట్టుకొని వచ్చే చెట్లు, ఆ హోరు చూసిన తరువాత ఏ తల్లీ పిల్లవాణ్ణి గట్టు దాటనివ్వదు. పిల్లలు పోతున్నది నది నిమ్మళంగా ఉన్న నెలలలో. 2021 డిసెంబరులో అచ్చంపేట మండలం మాదిపాడు దగ్గర కృష్ణలో స్నానానికి దిగిన వేదపాఠశాల విద్యార్థులు ఐదుగురు, వారి గురువు ఒకరు మునిగిపోయారు. నెల తిరగగానే, 2022 జనవరిలో, సంక్రాంతి సెలవులకు ఇంటిపట్టున ఉన్న పిల్లలు ఐదుగురు చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర మున్నేటిలో పోయారు. అదే ఏడాది డిసెంబరులో విజయవాడను ఆనుకొని ఉన్న యనమలకుదురు దగ్గర మరి ఐదుగురు పిల్లలు. ఈ మూడూ డిసెంబరు, జనవరి నెలలే. మూడు చోట్లా పోయినది ఒక్కరు కాదు, ఐదుగురు, ఆరుగురు. ఒకరు జారితే పక్కవారు చెయ్యి అందించబోవడం, ఆ చెయ్యి పట్టుకొని వారూ జారడం, ఇటువంటి చోట్ల తరచుగా జరిగేది ఇదే.

ఈ సంగతి మనస్సులో పెట్టుకొని, పిల్లలను తీసికొని వెళ్ళదగిన చోట్లు ఏవో స్వయంగా చూసి రావాలని మేము ఫిబ్రవరిలో మూడు రోజులు నది వెంట తిరిగాము. ఇద్దరు టీచర్లు, ఒక పాస్టరుగారు, ఈత బాగా వచ్చిన యౌవనస్థులు ఇద్దరు, వెరసి ఐదుగురము. వెంట ఒక పొడవాటి వెదురు గడ, కొబ్బరి పీచు తాడు, మూతలు బిగించిన ఖాళీ నూనె డబ్బాలు రెండు తీసికొన్నాము. బస్సులో ఆ గడ చూసి కండక్టరు మొదట ఒప్పుకొనలేదు, అది వేరే కథ.

విజయవాడలో నది ఒకటి కాదు, రెండు అనుకోవాలి. బ్యారేజీకి పైన ఉన్నది ఒకటి, కింద ఉన్నది ఒకటి. 1855లో పూర్తి చేసిన పాత ఆనకట్ట దాదాపు నూరేళ్ళు డెల్టాకు అన్నం పెట్టి 1952లో తెగిపోయింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో ప్రారంభమైనది. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. ఆ గేట్లు మూసి నీటిని 12 అడుగుల మట్టంలో నిలబెడతారు గనుక పైన భవానీ ద్వీపం చుట్టూ ఉన్నది నిజానికి నది కాదు, ఒక చెరువు. అలలు లేవు, లాగుడు లేదు. చూసేవారికి పళ్ళెంలో పోసిన నీళ్ళలాగ ఉంటుంది. ప్రమాదమంతా ఆ నిశ్చలత్వంలోనే ఉన్నది. ఘాట్ల దగ్గర మెట్టు మీద నిలబడితే మోకాలి లోతు, చివరి మెట్టు దాటితే కాలికి నేల అందదు. మెట్లకు పాచి పడుతుంది. జారినవారికి పట్టుకొనడానికి ఏమీ ఉండదు. దుర్గాఘాటు, పున్నమిఘాటు, అవతల ఒడ్డున సీతానగరం ఘాటు, ఇక్కడ స్నానం చేయాలంటే ఇనుప కడ్డీలకు లోపలనే ఉండాలి. 2016 ఆగస్టు పుష్కరాలకు నది పొడవునా ఇటువంటి ఘాట్లు చాలా కట్టారు, పాతవి బాగుచేశారు. అవి హిందూ సోదరుల పుణ్యస్నానాలకు కట్టినవైనా ఊరందరికీ పనికివచ్చేవి. అక్కడివారి పూజలకు అడ్డం రాకుండా, మర్యాదగా వాడుకొంటే ఎవరూ కాదనరు.

నదిని అడ్డంగా ఈదే పోటీలు కూడా ఇక్కడ జరుగుతుంటాయి. పతకాలు గెలిచిన ఈతగాళ్ళు సైతం పక్కన పడవ లేనిదే ఆ పోటీకి దిగరు. మన కుర్రవాళ్ళు మాత్రం ఒడ్డున పందెం వేసుకొని దిగుతారు.

బ్యారేజీ దిగువన సంగతి వేరు. ఫిబ్రవరి వచ్చేసరికి గేట్లన్నీ మూసి ఉంటాయి. బండలు, ఇసుక, వాటి మధ్య అక్కడక్కడా నీలంగా మడుగులు. నగరపు పిల్లలు ఈ మడుగులకే వస్తారు. గేట్ల కింద పడిన నీరు ఏళ్ళ తరబడి నేలను తొలచివేసి చేసిన గోతులివి, అడుగున రాళ్ళు, పాత కాంక్రీటు ముక్కలు ఉంటాయి. తలక్రిందులుగా దూకినవాడి మెడ విరగడానికి అంతకంటె ఏమి కావాలి? పైగా ఎగువనుండి నీరు వస్తే గేట్లు ఎత్తుతారు. 3 లక్షల 97 వేల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5 లక్షల 69 వేలు దాటితే రెండవది అని రేడియోలో, టీవీలో వింటాము. ఆ హెచ్చరికలు ఊళ్ళను ఖాళీ చేయించడానికి, మడుగులో ఆడుకొనే పిల్లలకు కాదు. పిల్లల కాళ్ళకింద ఇసుక కదలడానికి కొద్దిపాటి నీరు చాలు. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతలలో 16వ నంబరు గేటు కొట్టుకొనిపోయినప్పుడు దిగువకు నీరు వదలక తప్పలేదు. ఎక్కడో ఎగువన విరిగిన ఒక ఇనుప రేకు ఇక్కడి మడుగు లోతును మార్చివేస్తుంది. గేట్ల కంటికి కనిపించేంత దూరంలో స్నానం వద్దని మా ఐదుగురి నిర్ణయం.

ఊరిలోని బందరు, ఏలూరు, రైవస్ కాలువల గురించి రెండే మాటలు. ఒకప్పుడు వాటిలో ఈతలు కొట్టినవారున్నారు. ఇప్పుడు ఆ నీరు స్నానానికి పనికిరాదు.

మరి నగరంలో పిల్లలు ఈత నేర్చుకొనేదెక్కడ? గాంధీనగర్‌లో నగరపాలక సంస్థ ఈతకొలను ఉన్నది. నదికంటె అదే మంచిది.

మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం ఫెర్రీకి వెళ్ళాము. 2015నుండి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు ఇక్కడే కృష్ణలో కలుస్తున్నది. ఆ నీరు వదిలిన రోజులలో రెండు రంగుల నీళ్ళు పక్కపక్కన నడవడం చూడదగినదే. 2017 నవంబరు 12న ఇదే రేవు దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. నవంబరు కూడా నది నెమ్మదించిన నెలే. లైఫ్‌జాకెట్టు ఇవ్వని పడవ ఎక్కవద్దు. జాకెట్టు ఇచ్చి “ఉక్కపోస్తే తీసివేయండి” అనేవాడి పడవ అసలే ఎక్కవద్దు.

మున్నేటి వైపు వెళ్ళితే మనస్సు తేలిక పడింది. నందిగామ, చందర్లపాడు పల్లెల దగ్గర మున్నేరు అందమైన ఏరు. తేట నీరు, గట్టి ఇసుక, అక్కడక్కడా నల్లరాళ్ళు. నది లోతును ఒడ్డుమీదనుండి చదివే విధం పాస్టరుగారు ఇక్కడ మా యౌవనస్థులకు నేర్పారు. ఆయన చిన్ననాడు ఏటి ఒడ్డున పెరిగినవారు. ఏరు మలుపు తిరిగే చోట రెండు ఒడ్లు ఉంటాయి గదా. బయటివైపు ఒడ్డును నీరు కోస్తుంది, అది నిట్టనిలువుగా విరిగిన గోడలాగ ఉంటుంది, దాని కింద మడుగు పడుతుంది. లోపలివైపు ఒడ్డున ఇసుక మేట వేస్తుంది, అది అరచేయి వాలినట్లు నెమ్మదిగా నీళ్ళలోకి దిగుతుంది. స్నానానికి దిగవలసినది మేట వేసిన ఒడ్డునుండి. చెట్టు నీడ మాత్రం కోసే ఒడ్డునే ఉంటుంది, అందుకని పిల్లలు అక్కడికే పోతారు. నీటి రంగు కూడా చెబుతుంది. ఇసుక కనిపించే చోట పసుపు, లోతుపోయిన చోట ముదురాకుపచ్చ. మధ్యలో ఉన్నట్లుండి రంగు మారితే అక్కడ గొయ్యి ఉన్నట్లే.

మున్నేటిలో ఇంకొక చిక్కు ఉన్నది. ఇది ఖమ్మం మీదుగా వచ్చే ఏరు. అక్కడ వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. 2024 సెప్టెంబరు మొదటి తేదీన ఖమ్మాన్ని ముంచిన వరద ఈ ఏటిదే. ఎండాకాలంలో అంత నీరు రాదు గాని, ముసురు పట్టిన రోజులలో తేట నీరు బురదగా మారుతున్నా, పుల్లలు, ఆకులు కొట్టుకొని వస్తున్నా ఎందుకని ఆలోచించకుండా ముందు అందరినీ ఒడ్డుకు పిలవాలి.

రెండవ రోజు విజయవాడనుండి కరకట్ట మీద దిగువకు బయలుదేరాము. యనమలకుదురు, పెదపులిపాక, చోడవరం, రొయ్యూరు, తోట్లవల్లూరు. ఎడమవైపు అరటి, పసుపు, కంద, చెరకు తోటలు. కుడివైపు ఏటిలో లంకలు. ఉదయపు ఎండలో ఆ దారిని మించిన దారి మన జిల్లాలో లేదని మా అభిప్రాయం. కాని కట్ట దిగి ఏటిలో నడిస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. ఇసుక తీసిన గోతులు. యంత్రాలతో తవ్విన చోట తాటి ప్రమాణం లోతు ఉన్నా, పైన నిలిచిన నీరు మామూలు నీటివలెనే మెరుస్తుంటుంది. ప్రకృతి చేసిన మడుగు క్రమంగా లోతవుతుంది, మనిషి తవ్విన గొయ్యి అడుగు తీసి అడుగు వేసేలోపల లోతవుతుంది. అంచున ఉన్న ఇసుక వదులుగా ఉంటుంది, దాని మీద నిలబడితే అది మనతో కూడ జారుతుంది. వెనుకకు తిరిగి ఎక్కబోతే ఇంకా జారుతుంది. ఈత వచ్చినవాడు సైతం అక్కడ భయపడిపోతాడు. పోయిన ఏడు ఉన్న రేవు ఈ ఏడు ఉండదని మనకు తెలుసు. 2024 సెప్టెంబరులో బ్యారేజీనుండి 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా నీరు పోయినది. అంత నీరు పోయిన తరువాత ఇసుక ఉన్నచోట ఉంటుందా? “మా నాన్న ఇక్కడే ఈదాడు” అన్న మాట ఈ నదిలో ఎవరినీ కాపాడదు.

తోట్లవల్లూరు దాటిన తరువాత ఒక రేవులో వలలు ఆరవేసుకొంటున్న పెద్దాయనను కలిసికొన్నాము. పిల్లలతో స్నానం చేయడానికి చోటు చూపించమని అడిగాము.

“ఎంతమంది పిల్లలండీ?” అన్నాడు.

“నలభై మంది ఉంటారు.”

“ఈత వచ్చినోళ్ళు ఎందరు?”

ఆ ప్రశ్నకు మేము ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. పదిమందికి మించి ఉండరు. ఆయన నవ్వి, “అయితే నాకు చూపించే పని తేలికేనండి, మీకు కాసే పని కష్టం” అని, మా వెదురు గడ తీసికొని ముందు నడిచాడు. గేదెలు దిగే రేవు మీదుగా ఒక పాయ దాటించి, లంక అంచుకు తీసికొని వెళ్ళాడు. ప్రతి రెండు అడుగులకు గడ గుచ్చుతూ, అడుగున గట్టిగా తగిలితేనే కాలు వేస్తూ పోయాడు. ఒక చోట గడ మెత్తగా దిగబడింది. అక్కడ ఆగి ఎర్రగుడ్డ కట్టిన పుల్ల ఒకటి పాతాడు. అటువంటివి నాలుగు పాతేసరికి మాకు ఒక గదిలాగ చోటు ఏర్పడింది. పొడవు ముప్పై గజాలు, వెడల్పు పది గజాలు, ఎక్కడ నిలబడినా నడుము లోతుకు మించదు. పిల్లలకు నడుము లోతు అంటే పదేళ్ళవాడి నడుము అని ఆయన మరీ మరీ చెప్పాడు.

ఆ నీళ్ళలో మేము గంటసేపు ఉన్నాము. అడుగున ఇసుక అలలు అలలుగా అరికాలికి తగులుతుంటే, చిన్న చేపలు వచ్చి మడమలు కొరుకుతుంటే, మా టీచర్లు ఇద్దరూ వయస్సు మరచిపోయారు. పైన నీరు గోరువెచ్చగా, కింద చల్లగా రెండు పొరలుగా ఉంటుంది. వెల్లకిలా తేలి చూస్తే అరటి ఆకులు, ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించదు. లంకలో కోసిన దోసకాయ ఉప్పు అద్దుకొని తిన్నాము. పెద్దాయన మాత్రం నీళ్ళలో దిగలేదు. ఒడ్డున గొంతుకూర్చొని, మాట్లాడుతున్నంతసేపూ మా తలలు లెక్కపెడుతూనే ఉన్నాడు. మేము అడగకుండానే ఆయన చేసిన ఆ పని మేము నేర్చుకొన్నవాటిలో మొదటిది. నలభై మంది పిల్లలు వెళ్ళితే నలుగురు పెద్దలు బట్టలు తడవకుండా ఒడ్డున ఉండాలి. పదిమంది చొప్పున దింపాలి. ఒడ్డున ఉన్నవారు వంట చూడకూడదు, ఫోను చూడకూడదు.

మూడవ రోజు దివిసీమలో గడిపాము. పులిగడ్డ దాటితే నది స్వభావం మారుతుంది. ఇక్కడినుండి సముద్రపు పోటు లోపలికి వస్తుంది. నాగాయలంక రేవులో నీరు రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పోటు నీటిలో ఒడ్డు దగ్గర స్నానం చేయవచ్చు. ఆటు మొదలైన తరువాత నీరు సముద్రంవైపు లాగుతుంది, ఆ లాగుడు పైకి కనిపించదు. పోటెప్పుడు, ఆటెప్పుడు అన్నది అక్కడి జాలరి కుటుంబాలలో ఆరేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది. హంసలదీవి, పాలకాయతిప్ప వద్ద నది సముద్రంలో కలిసే మొగ వద్ద అసలు దిగవద్దు. చూసి రావడానికే అది. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకొన్న సీమ ఇది. ఇక్కడివారు నీటిని గూర్చి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతారు. మేము ఆ రోజు కాళ్ళు మాత్రం తడుపుకొని వచ్చాము.

మన సంఘములకు నదితో ఉన్నది పిక్నిక్ సంబంధమే కాదు. ముంచి బాప్తిస్మము ఇచ్చే సంఘములు కాలువలలో, ఏళ్ళలో ఆ కార్యము జరుపుతుంటాయి. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మము జరిగిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నాము. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారి కాలం, ధాత కరువు వెళ్ళిన రోజులు. ఆరుగురు బోధకులు ఒకసారికి ఇద్దరు చొప్పున నీటిలో నిలబడి, అలసినవారి స్థానంలో వేరేవారు దిగుతూ ఆ పని చేశారు. మేము దీనిని ఇక్కడ చెప్పడం సంఖ్య కొరకు కాదు. అంతమంది ఒక క్రమములో దిగి, ఒక క్రమములో ఎక్కారు. నీటిలో నిలిచేవారు అలసిపోకముందే మారారు. నేడు మన ఊళ్ళలో పారే కాలువలో, లాకులకు కొద్ది దూరంలో, పట్టు చీరలతో వృద్ధ స్త్రీలను దింపుతున్నారు. బాప్తిస్మమునకు ముందురోజే ఇద్దరు దిగి అడుగు చూడాలి. నీరు పారే దిక్కున పదిగజాల కింద ఈత వచ్చిన ఇద్దరు నిలబడాలి. సాక్షులందరూ ఒకేసారి మెట్ల మీదకు తోసుకొని రాకూడదు. కాలువకు రాతి కట్టడం ఉన్న చోట ఎక్కడానికి పట్టు దొరకదు గనుక మెట్లున్న రేవునే ఎన్నుకోవాలి.

ఎవరైనా మునుగుతుంటే ఏమి చేయాలి? దూకవద్దు. ఇది కఠినంగా వినిపిస్తుంది, ముఖ్యంగా తల్లిదండ్రులకు. మునిగేవాడు దొరికిన మెడను కౌగిలించుకొంటాడు, అది అతని తప్పు కాదు. వెదురు గడ చాపండి. గడ లేకపోతే తాడు, తాడు లేకపోతే చీర, పంచె. మూత బిగించిన ఖాళీ డబ్బా విసిరితే అది పట్టుకొని పెద్దమనిషి కూడా తేలుతాడు. అందించేవారు నేలమీద బోర్లా పడుకొని అందించాలి, వారి కాళ్ళు మరొకరు పట్టుకోవాలి. నీటి లాగుడులో చిక్కుకొన్నవారు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలి, కాళ్ళు నీరు పోయే దిక్కుకు చాపి, ఏటవాలుగా ఒడ్డుకు రావాలి.

ఒడ్డుకు చేర్చిన తరువాత మన పల్లెలలో చేసే పనులు కొన్ని ఉన్నవి. తలక్రిందులుగా పట్టి తిప్పడం, కడుపు నొక్కడం, ఉప్పులో పడుకోబెట్టడం. ఇవన్నీ విలువైన నిమిషాలను తినివేస్తాయి. కడుపు నొక్కితే లోపలి నీరు, అన్నము ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. మునిగినవానికి కావలసినది గాలి. చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి ఆడకపోతే తల వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందు ఐదుసార్లు ఊదాలి. ఛాతీ పైకి లేస్తుందో లేదో చూడాలి. అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ మధ్య ఎముక మీద, పెద్దవారికైతే రెండు అంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాక ఆపకుండా ఇదే చేయాలి. పిల్లవాడు లేచి కూర్చొని “బాగానే ఉన్నాను” అన్నా ఆసుపత్రికి తీసికొని వెళ్ళవలసిందే, ఊపిరితిత్తులలో నీటి బాధ కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు. ఏ ఊరిలో నర్సు ఉన్నదో ఆ ఊరి స్త్రీల సమాజము ఒక సాయంత్రం ఆమెచేత ఇది దిండు మీద చేయించి చూడవచ్చు. మన సంఘములలో నర్సులకు కొదువ లేదు గదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో నీట మునిగి చనిపోయినవారు ప్రపంచమంతటా దాదాపు 3 లక్షలమంది. మనవంటి డెల్టా దేశమైన బంగ్లాదేశ్‌లో దీనికి ఒక చవకైన ఉపాయం చేశారు. పల్లె చెరువులో వెదురు బొంగులతో ఒక అరుగు, దాని చుట్టూ కంచె కట్టి, అందులో నాలుగేళ్ళు దాటిన పిల్లలకు ఊరివారే ఈత నేర్పుతారు. మన తాతల కాలంలోనూ ఇటువంటిదే ఉండేది. నడుముకు బెండ్లు, ఎండు సొరకాయ బుర్రలు కట్టి, అరటి బోదె చేతికిచ్చి, మామయ్యలు చెరువులో వదిలేవారు. ఇప్పుడు ఆ మామయ్యలు హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారు. చెరువులు చేపల చెరువులైనవి. చేపల చెరువు గట్లు నునుపుగా, నిటారుగా ఉంటాయి, వాటిలో ఎన్నడూ దింపవద్దు.

ఇంకొక మాట. మగపిల్లలు ఏదో ఒక బోదెలో, గుంటలో కొట్టుకొని కొంత నేర్చుకొంటారు. ఆడపిల్లలకు అది కూడా లేదు. రేపు కాలువ రేవులో బట్టలుతికేది, బిందె ముంచేది, చంటిబిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని గిన్నెలు తోమేది వారే. బిడ్డ జారితే మొదట చేయి చాచవలసినది ఈత రాని ఆ తల్లే. సిగ్గు అడ్డమైతే ఉదయం ఆడపిల్లలకు, సాయంత్రం మగపిల్లలకు వేళలు పెట్టండి, నేర్పడానికి స్త్రీలనే పెట్టండి. లంగా వోణీతో, చున్నీతో నీళ్ళలో దింపవద్దు, తడిసిన గుడ్డ కాళ్ళకు చుట్టుకొంటుంది. బిగువైన లాగు, చొక్కా చాలు.

మేము తిరిగి వచ్చిన తరువాత మా ఊరి మంచినీళ్ళ చెరువు పక్కన ఉన్న పాత గుంటను పంచాయతీవారిని అడిగి శుభ్రం చేయించాము. నాలుగు అడుగుల లోతుకు మించకుండా అడుగు సరిచేసి, చుట్టూ వెదురు పాతించాము. మే నెల మొదటి వారంనుండి ఉదయం ఆరు గంటలకు ఆడపిల్లలు, సాయంత్రం ఐదుకు మగపిల్లలు. ఇప్పటికి ముప్పైఒక్క మంది పేర్లు ఇచ్చారు. వారిలో ఈత రాని టీచర్లు ఇద్దరు కూడ ఉన్నారు. గట్టు మీద గడ పట్టుకొని కూర్చొనడానికి ముగ్గురు పెద్దలు కావాలన్నాము, ఇద్దరు దొరికారు.